కొసరుగా వేసిన చేపలు

ఆ రోజు అద్దంకిలో, పదిమంది ఎదట, నేనొక ప్రశ్న అడిగాను. జవాబు నాకు అప్పటికే తెలుసు. తెలిసే అడిగాను.

"ఈ మూడో సిస్టం మీద రోజూ ఎవరు కూర్చుంటారమ్మా?"

అబద్ధం ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ ఆ మాట నోట్లోంచి రాగానే గదిలో ఉన్న ఆడవాళ్ళందరి చూపులూ ఒక ఇరవయ్యేళ్ళ పిల్ల మీదకి తిరిగాయి. ఆ పిల్ల తల దించుకుంది. పక్కనున్న వాళ్ళమ్మ ముఖం పాలిపోయింది. నేను తెరవైపు తిరిగి ఏదో పని చేస్తున్నట్టు మౌస్ కదుపుతూ ఉండిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయిన రోజులవి. గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న కంప్యూటర్ల షాపు ఉండేది. విడిభాగాలు తెప్పించి, బిగించి అమ్మేవాణ్ణి. మావైపు జనానికి కొసరు లేందే బేరం తెగినట్టుండదు. కూరగాయలు తూచాక కూడా రెండు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో సంచిలో పడాలి. కంప్యూటర్ కొనేవాళ్ళు మాత్రం వేరే మనుషులా? "ఇంకేం వేశావు ఇందులో?" అని అడిగేవాళ్ళు. తెర మీద నాలుగు బొమ్మలే ఉంటే "ఏందయ్యా, బోసిగా ఉంది" అనేవాళ్ళు. పక్క షాపువాడు ముప్పై బొమ్మలు పెట్టిస్తే నేను నలభై పెట్టిచ్చేవాణ్ణి. టైపింగ్ నేర్పేది, జాతకం చెప్పేది, నిఘంటువు, పేకాట, కారు పందేలు. అందులో సగం నేనే ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

ఇవన్నీ ఒక్కో సిస్టంలో విడివిడిగా ఎక్కించాలంటే పూట పడుతుంది. అందుకని ఒక హార్డ్ డిస్కులో అన్నీ నింపి పెట్టుకుని, కొత్త సిస్టం బిగించినప్పుడల్లా దాన్ని ఉన్నదున్నట్టు కాపీ కొట్టేవాణ్ణి. మాస్టర్ డిస్కు అనేవాళ్ళం దాన్ని. దాంట్లో ఏముంటే గుంటూరు నుంచి ఒంగోలు దాకా నేనమ్మిన ప్రతి డబ్బాలోనూ అదే ఉంటుంది.

అన్నిటిలోకీ గిరాకీ చేపలకి. సిస్టం కాసేపు ఖాళీగా ఉంటే తెరంతా నీలం నీళ్ళయి, ఎర్రచేపలు, పసుపుచేపలు ఈదేవి. బుడగల చప్పుడు కూడా వచ్చేది. షాపు గుమ్మం దగ్గర ఒక సిస్టం అలా పెట్టేవాణ్ణి. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఆ చేపలు మాక్కూడా వెయ్యి" అని అడిగి మరీ వేయించుకునేవాళ్ళు. ఇంటర్నెట్లో ఎవరో ఊరికే ఇస్తుంటే దించుకున్నాను వాటిని. దించుకునేటప్పుడు ఏవేవో అడిగింది. అన్నిటికీ సరే, సరే అని నొక్కుకుంటూ పోయాను.

ఊరికే ఇచ్చినవాడు ఊరికే ఇవ్వలేదు. చేపల వెనక ఇంకో ప్రోగ్రాం దాక్కుని వచ్చింది. ఫోన్ లైను తగిలించి ఇంటర్నెట్ తెరిస్తే చాలు, వెంటనేనో కాసేపటికో అడగని కిటికీలు ఒకదానిమీద ఒకటి తెరుచుకునేవి. లాటరీలు, అప్పులు, బట్టల్లేని ఆడవాళ్ళు.

నాకు తెలియదనడానికి లేదు. రెండు నెలల ముందే పెదకాకాని నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడు. "మీ డబ్బాలో పాడు బొమ్మలొస్తున్నాయండీ" అన్నాడు. ఆ సమయానికి షాపులో కొత్త బేరం నడుస్తోంది. దాని మధ్యలో ఈ గోల ఎందుకని, "ఇంట్లో కుర్రాళ్ళున్నారా?" అన్నాను. "సరేలెండి" అని పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు. ఆ ఒక్క ప్రశ్నకి ఎంత పని జరుగుతుందో ఆవేళ నేర్చుకున్నాను. ఆ తరవాత షాపులో చూసుకుంటే మా సిస్టంలోనూ అవే వస్తున్నాయి. చేపలు తీసేస్తే పోతాయని అర్థమైంది. చేపల మీద బేరాలు బాగున్నాయి. తీయలేదు.

అద్దంకి ఆవిడ తన మామగారిని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది ఆ తరవాతే. మామగారు రిటైరైన పోస్టుమాస్టరు. ఇంటి ముందుగది ఖాళీ చేసి ఆడపిల్లలకి కంప్యూటర్ నేర్పే సెంటర్ పెడతామన్నారు. నాలుగు సిస్టాలు తీసుకున్నారు. "ఆడపిల్లలకి ఆడమనిషి నేర్పుతుందని తల్లులు ధైర్యంగా పంపుతారన్నయ్యా" అందావిడ. నాలుగింటిలోకీ మాస్టర్ డిస్కు కాపీ కొట్టాను. అడక్కుండానే చేపలు వేశాను.

ఒక శుక్రవారం నాడు ఆవిడ తల్లులందర్నీ సెంటర్‌కి పిలిచింది, పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో చూపిద్దామని. చివర్లో, ఆ వారమే ఇంటర్నెట్ పెట్టించిన మూడో సిస్టంలో ఏదో గుడి గోపురం ఫోటో తెరిచిందట. ఆ రోజుల్లో ఫోటో పైనుంచి కిందికి కొద్దికొద్దిగా దిగేది. గోపురం సగం దిగేసరికి దానిమీద ఇంకో కిటికీ తెరుచుకుని, ఇంకో బొమ్మ దిగడం మొదలెట్టింది. జుట్టు, ముఖం, భుజాలు. ఇంకా కిందికి రాకముందే ఆవిడ తెర స్విచ్చి నొక్కేసింది. అయినా చూడవలసినంత అందరూ చూశారు.

ఆవిడ ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే నరసరావుపేట మీదుగా బస్సులో వెళ్ళాను. గది నిండా మనుషులు. మామగారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఏడెనిమిదిమంది తల్లులు గోడవారగా నిలబడ్డారు, పిల్లల్ని పక్కన పెట్టుకుని.

"చూడవయ్యా. ఇదేం తెగులో చెప్పు. చెబితే ఈ గది తీసి ఉంచాలా, తాళం వెయ్యాలా తేల్చుకుంటాం" అన్నాడు మామగారు.

మూడో సిస్టం తెరిచాను. రెండు నిమిషాలు పట్టింది. చేపల పక్కనే ఆ దొంగ ప్రోగ్రాం ఫోల్డరు, దాని కింద అది చేరిన తేదీ. ఈ సెంటర్ తెరవడానికి మూడు నెలల ముందు తేదీ. ఈ డబ్బాలు బిగించడానికి కూడా ముందే. అది నా షాపులో, నా చేత్తో, మాస్టర్ డిస్కులో పడిన రోజు.

నా వెనక పది జతల కళ్ళున్నాయి. ఈ కబురు గుంటూరు చేరితే షాపు గతేమిటనుకున్నాను. అప్పుడే ఆ ప్రశ్న అడిగాను.

ఆవిడ కంగారుగా అంది. "సాయంత్రం బ్యాచిలో ఈ అమ్మాయండీ. బాగా చేస్తుందని ఇంటర్నెట్ కూడా తననే చూసుకోమన్నాను. ఎంసీఏ ఎంట్రెన్స్‌కి చదువుతోంది."

"ఓహో" అన్నాను. ఆ ఓహో కూడా నా తప్పుల్లో ఒకటి.

గోడవారనుంచి ఒక తల్లి అంది: "ఎంట్రెన్సుకి చదవడమంటే ఇదన్నమాట!"

"నేను అలాంటివి చూళ్ళేదు సార్" అంది ఆ పిల్ల. నాతోనే అంది. నేను చెబితే అందరూ నమ్ముతారని నావైపే చూసింది. "కావాలంటే మొత్తం వెతకండి సార్."

"ఒక్కోసారి తెలీకుండా కూడా నొక్కుతారులేమ్మా" అన్నాను, పెద్దమనిషిలాగా.

వాళ్ళమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. "పద. చదివింది చాలు. మీ నాయనకి ఏం చెప్పాలో బస్సులో ఆలోచించుకుందాం."

వాళ్ళు వెళ్ళాక నాలుగు సిస్టాల్లోనూ ఆ ప్రోగ్రాం తీసేశాను. ఒక్కదానిలోనే కాదు, నాలుగింటిలోనూ ఉంది. ఎవరైనా నా వెనక నిలబడి చూసుంటే ఆ ఒక్క సంగతితోనే నా బండారం బయటపడేది. ఎవరూ చూడలేదు. ఆవిడ నాకు కాఫీ ఇచ్చింది. తాగాను.

సోమవారం ఆవిడ ఫోన్ చేసింది. ఐదుగురు పిల్లలు మానేశారట. "వాళ్ళు పోతే పోయారన్నయ్యా. ఆ అమ్మాయిని వాళ్ళ నాన్న కాలేజీ కూడా మాన్పించాడు. మొదటినుంచీ ఆయనది ఒకటే మాట, ఊళ్ళో పేరు వినబడితే చదువు ఆపేస్తానని. ఎంసీఏ లేదు గింసీఏ లేదు పొమ్మన్నాడట. ఆ పిల్ల అలాంటిది కాదు. మీరింకోసారి చూడండి."

"చూశానుగదమ్మా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక షాపులో కూర్చోలేకపోయాను. గుమ్మం దగ్గర సిస్టంలో చేపలు ఈదుతున్నాయి. ఒకాయన నిలబడి వాళ్ళ పాపని ఎత్తుకుని చూపిస్తున్నాడు. వెళ్ళి ప్లగ్గు పీకేశాను. "అయ్యో, పాపాయి చూస్తోందండీ" అన్నాడాయన. ఆ రాత్రీ ఆ మర్నాడూ ఒకటే లెక్క వేసుకున్నాను, ఎవరికీ తెలియకుండా దీన్ని సరిచేసే దారి ఉందా అని. ఫోన్లో ఆవిడకి చెప్పెయ్యొచ్చు. ఉత్తరం రాయొచ్చు. వైరస్ అని ఒక మాట అనేస్తే ఎవరి మీదా తప్పుండదు. ప్రతి దారిలోనూ నేను తప్పించుకుంటున్నాను, ఆ పిల్ల మీద అనుమానం మాత్రం మిగిలిపోతోంది.

బుధవారం అద్దంకిలో బస్సు దిగి, ఆటో పట్టుకుని ఆ పిల్ల వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంట్లో లేరు, కళ్ళంలో ఉన్నారన్నారు. ఊరి బయట మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళేసరికి ఘాటుకి దగ్గొచ్చింది. తండ్రి గొంతుక్కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాడు. కొంచెం అవతల ఆ పిల్ల, ముక్కుకి గుడ్డ కట్టుకుని, అదే పని చేస్తోంది. కాలేజీకి వెళ్ళవలసిన వేళ అది.

తండ్రికి నేనెవరో చెప్పాను.

"ఓ, డబ్బాలాయనవా! ఏంది ఇట్టా వచ్చావు? ఇంకేమన్నా బయటపడ్డాయా?"

"పడ్డాయండి. అవి మీ అమ్మాయి చూసినవి కావు. నేను అమ్మేటప్పుడే ఆ కంప్యూటర్లో ఉన్నాయి. నేనే పెట్టాను."

ఆయన చేతిలో కాయలు కిందపెట్టాడు. "పెట్టావా? బొమ్మలు?"

"బొమ్మలు కాదండి. చేపల ఆట ఒకటి పెట్టాను. దాని వెనక అవి వచ్చాయి. చూసుకోకుండా పెట్టాను. సెంటర్‌కి అమ్మకముందే తెలిసింది, తీయలేదు. తెలిసి కూడా అక్కడ చెప్పలేదు."

ఆ పిల్ల గుడ్డ కిందికి లాగింది. "ఆ రోజే తెలుసా సార్? నేను వెతకమన్నప్పుడు?"

"తెలుసమ్మా."

నన్ను ఒక క్షణం చూసింది. గుడ్డ మళ్ళీ పైకి లాక్కుని పనిలో పడింది. తిడితే బాగుండేది.

తండ్రి లేచి నిలబడ్డాడు. కొడతాడనే అనుకున్నాను. కొట్టలేదు. "అద్దంకిలో అంటివి. ఇక్కడ కళ్ళంలో చెబితే ఎవురిన్నట్టు? కాకులా? ఎక్కడ పారబోశావో అక్కడే ఎత్తుకో పో."

"ఆదివారం అందర్నీ పిలిపించి చెబుతానండి."

"చెబితే నమ్ముతారా? నాతో లాలూచీ పడి చెబుతున్నావంటారు. చూపించు."

చూపించడం ఎలాగో బస్సులో తట్టింది.

ఆదివారం షాపునుంచి కొత్త సిస్టం ఒకటి తెచ్చాను. దానిలోకి పాత మాస్టర్ డిస్కు కాపీ కొట్టి, అట్టపెట్టెలో పెట్టి, అతుకుల మీద నా సంతకంతో కాగితాలు అంటించాను. సెంటర్లో మళ్ళీ ఆ తల్లులే ఉన్నారు. మామగారు కబురుపెడితే వచ్చారు. ఆ పిల్ల తల్లి వచ్చింది. పిల్లా తండ్రీ రాలేదు.

నిలబడి చెప్పాను. మొదట చేపల సంగతి, తరవాత తేదీ సంగతి, తరవాత నేనడిగిన ప్రశ్న సంగతి.

మామగారికి తేదీ దగ్గరే విషయం అర్థమైంది. "అంటే కవరు మీద ముద్ర ఉంది. ఏ ఊళ్ళో, ఏ రోజున పడిందో రాసే ఉంది. నువ్వు అది చదివి, జేబులో పెట్టుకుని, ఈ ఉత్తరం ఎవరు రాశారని మమ్మల్నడిగావు."

"అవునండి."

"ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇంత పని చేసినవాణ్ణి చూళ్ళేదు" అన్నాడు.

తల్లులకి ఫోల్డరూ తేదీ ఎక్కలేదు. "ఇప్పుడు మాట మారుస్తున్నాడమ్మా. ఎవరు మార్పించారో!" అంది మొన్నటి ఆవిడే.

పెట్టె విప్పాను. కాగితాలు చినగలేదని అందరికీ చూపించి, సిస్టం బల్ల మీద పెట్టి, తెర వాళ్ళకి కనబడకుండా గోడవైపు తిప్పాను. ఫోన్ తీగ తగిలించాను. కూతలు కూసి లైను కలిసింది. గుడి గోపురం ఫోటోయే తెరిచాను. గోపురం దిగింది. ధ్వజస్తంభం దిగింది. మెట్లు కూడా దిగాయి. ఇంకేం రాలేదు.

ఇంకో ఫోటో తెరిచాను. అదీ శుభ్రంగా దిగింది.

"ఏం వచ్చిందయ్యా?" అన్నాడు మామగారు.

"ఇంకా రాలేదండి."

లైను తెగిపోయింది. మళ్ళీ కలిపాను. చెమటకి మౌస్ జారుతోంది. బల్ల అవతల గుసగుసలు మొదలయ్యాయి. ఆ పిల్ల తల్లి ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు. రాకపోతే, నేనిన్ని మాటలు చెప్పీ ఆమె కూతురి మీద పడ్డ మచ్చని ఇంకాస్త ముదరపెట్టినవాణ్ణవుతాను. బతుకులో ఎప్పుడూ కోరుకోకూడని కోరిక ఆ పది నిమిషాలూ కోరుకున్నాను. దేవుడా, ఆ పాడుబొమ్మ రావాలి.

మూడో ఫోటో సగం దిగాక కిటికీ తెరుచుకుంది. లాటరీది. దానిమీద ఇంకోటి. ఆ తరవాత జుట్టు, ముఖం.

"అమ్మా, మీరొకసారి ఇటు రండి" అన్నాను, ఆ పిల్ల తల్లిని చూసి.

ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "ఇదే. ఆ రోజు ఇదే" అంది. ఇంకో ఇద్దరు వచ్చి చూసి, ఛీ ఛీ అనుకుంటూ వెళ్ళారు. మాట మారుస్తున్నాడన్న ఆవిడ కూడా చూసింది. "నీ చేపలు తగలెయ్య!" అంది నాతో. అని, ఆ పిల్ల తల్లి పక్కకి వెళ్ళి కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.

ఆ తల్లి వెళ్ళేటప్పుడు సెంటర్ ఆవిడ అడిగింది. "రేపు పంపుతారా వదినా?"

"వాళ్ళ నాయన ఏమంటాడో. చెప్పి చూస్తా" అంది. నావైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ వారం మాస్టర్ డిస్కు చెరిపేశాను. గ్యారంటీ కార్డుల కింది ముక్కలు షాపులో ఉన్నాయి. వాటిమీది చిరునామాలు పట్టుకుని, స్కూటర్ మీద వెళ్ళగలిగినచోటికి స్కూటర్ మీద, లేనిచోటికి బస్సులో తిరిగాను. గుమ్మంలో నిలబడి ముందు ఒకటే చెప్పేవాణ్ణి, దీంట్లో పాడు బొమ్మలు వచ్చి ఉంటే అది మీ ఇంట్లోవాళ్ళ పని కాదు, నా పని అని. కొందరు నవ్వారు. ఒకాయన "తీస్తే తీశావుగానీ పేకాట మాత్రం ముట్టుకోకు" అన్నాడు. పెదకాకాని పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. డిగ్రీ చదివే కొడుకుని పిలిచి, "ఈయన చెప్పేది విను" అని నాచేత మళ్ళీ మొదటినుంచి చెప్పించాడు. ఆ కుర్రాడు విని లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి మధ్యా రెండు నెలలు ఏం జరిగిందో నేనడగలేదు.

అద్దంకినుంచి ఏ కబురూ లేదు. పదిహేనో రోజున ఆవిడే ఫోన్ చేసింది. "ఆ అమ్మాయి వచ్చిందన్నయ్యా. సిస్టాలన్నీ కొత్తగా లోడ్ చేస్తేనే రోజూ పంపుతానన్నాడట వాళ్ళ నాన్న. తన కూతురి ఎదురుగానే చెయ్యాలట."

మర్నాడే వెళ్ళాను. నాలుగు సిస్టాలూ పూర్తిగా చెరిపెయ్యడానికి సీడీల సంచి విప్పుతుంటే ఆ పిల్ల దగ్గరికి వచ్చింది.

"నేను చేస్తాను సార్. మీరు చెప్పండి."

లేచి కుర్చీ ఇచ్చాను. పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక్కో మెట్టూ చెబుతుంటే చేసింది. డిస్కు శుభ్రమయ్యాక నేను తెచ్చిన సీడీలు ఒక్కొక్కటే చేతికి తీసుకుని అడగడం మొదలెట్టింది.

"ఇదెందుకు సార్?"

"ఉత్తరాలు, దరఖాస్తులు టైపు చేసుకోవడానికి."

"ఇది?"

"వైరస్ పట్టుకోవడానికి."

"ఇది?"

"జాతకం చెప్పేదమ్మా."

"మేం జాతకాలు నేర్చుకోవట్లేదుగా" అని పక్కన పెట్టేసింది. తరవాతి సీడీకి నాకు జవాబు దొరకలేదు. అందరూ వేస్తున్నారని వేసేవాణ్ణి, అంతే. అదే చెప్పాను. దాన్నీ పక్కన పెట్టింది. వేసినవాటి పేర్లూ, వేసిన తేదీ ఒక కాగితం మీద రాసి, నాచేత సంతకం పెట్టించి, తెర పక్కన గోడకి అంటించింది. నాలుగు సిస్టాలకీ నాలుగు కాగితాలు.

అయిపోయేసరికి ఆ పిల్ల ఊరి బస్సు వేళయింది. సంచి సర్దుకుంటూ, "మే నెలలో ఎంట్రెన్సు సార్" అంది. ఆమె పక్కన పెట్టిన సీడీలు పదకొండు. గుంటూరు తీసుకెళ్ళి, షాపు మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే విరిచేశాను.